జనరల్ సీటు ఎవరిది?

ఎన్నికల ఫలితాలు చదవడమంటే మెజారిటీలు లెక్కపెట్టడమే అయిపోయింది. 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు బీజేపీ కిషన్‌రెడ్డికి 4,73,012 ఓట్లు, కాంగ్రెస్ దానం నాగేందర్‌కు 4,23,068. తేడా 49,944. మా ఉస్మానియా క్యాంపస్, తార్నాక ఈ నియోజకవర్గంలోనివే. తార్నాకలో చాయ్ తాగుతూ మావాళ్లు అడిగేది కూడా ఒకటే: బస్తీల ఎస్సీ ఓటు ఎటు పోయింది? ఆ ఓటరు అభ్యర్థిగా ఎందుకు లేడని మాత్రం అడగం.

అహ్మద్ మొహియుద్దీన్, శివశంకర్, మణెమ్మ, దత్తాత్రేయ, అంజన్‌కుమార్ యాదవ్ గెలిచిన సీటిది. ముస్లిం, బీసీ, మహిళ గెలిచారు. ఆ మేరకు నిజంగానే జనరల్. దళితుడు ఒక్కడూ లేడు.

"మీకు రిజర్వుడు ఉన్నయి గదా!" అంటరు. ఉన్నయి. తెలంగాణ 17 సీట్లలో పెద్దపల్లి, వరంగల్, నాగర్‌కర్నూల్. మూడు. 1932 పూనా ఒడంబడికతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయినయి కాబట్టి అక్కడ కూడా నిలబడేది దళితుడే, టికెట్టిచ్చేది పార్టీ, ఓటేసేది ఊరంతా. పైగా, చట్టం కనీసమని ఇచ్చిన ఆ వాటానే పార్టీలు గరిష్ఠం చేశాయి. ఏ విశ్లేషకుడూ దీన్ని పార్టీల ఓటమిగా రాయడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మా అమ్మకు ఓటంటే పండుగ, పొద్దున్నే లైన్ల నిలబడ్తది. 2024లో మొదటి మూడు స్థానాల్లో ఒక రెడ్డి, ఇద్దరు బీసీలు. మన వ్యాసాలన్నీ ఆ ముగ్గురికీ దళిత ఓట్లు పంచి ముగిశాయి. టికెట్ల పంపకం నుంచి లెక్క మొదలుపెట్టిన వ్యాసం ఒక్కటీ నా కంటబడలేదు.