‘అమ్మవారు’ - శబ్దార్థవిచారము

తెలుగునాఁడంతటవలెనే కళ్యాణదుర్గపు సీమయందును మశూచి సోఁకినపుడు పూర్వులు ‘రోగము వచ్చినది’ అనక ‘అమ్మవారు పోసినది’ అనెడివారు. ఈ వాడుక భయమువలనఁ బుట్టిన మూఢవిశ్వాసమని కొందఱును, ప్రాచీనుల గూఢవైద్యమని కొందఱును వాదింతురు. ఉభయపక్షములును శబ్దమును బరీక్షింపక చేసిన నిర్ణయములే.

సంస్కృతవైద్యులు ఈ వ్యాధిని మసూరిక యనిరి. మాధవనిదానమున దీనికిఁ బ్రత్యేకాధ్యాయము కలదు. మసూరశబ్దముమీఁది ప్రత్యయము పోలికను దెలుపును. పొక్కులు మసూరపుఁ బప్పువలె నుండునని భావము. స్ఫోటక మన్నను చిట్లునది యనియే యర్థము. ఈ రెండు పేళ్లును చర్మమును జూచి పెట్టినవి. 16వ శతాబ్దపు భావప్రకాశమున శీతల యను పేరు కానవచ్చును. ఒడలు మండించు దానిని జల్లనిదనుట మంగళభాషణము. దీప మాఱినదనక కొండెక్కినదనుట యట్టిదే.

తెలుఁగుపేరు వీనికి భిన్నము. ‘మారి’ యనఁగాఁ జంపునది. పొలిమేరయందు మారెమ్మయైన దేవతయే యింటిలోఁ గేవలము అమ్మ. పొరుగు కన్నడమున సిడుబను వేఱుపేరుండియు అమ్మ యను వాడుక కలదు. ‘అమ్మవారు’ అను పదమున గౌరవబహువచన మున్నది. ‘పోసినది’ అను క్రియయందు మాత్ర మేకవచనము. పేరున మన్నన, క్రియయందుఁ జనువు.

ఈ పేరే యింటికి విధి యయ్యెను. గుమ్మమునకు వేపమండలు గట్టిరి, తాలింపు మానిరి, పరులను లోనికి రానీయరైరి, రోగిని వేపాకులపైఁ బరుండఁబెట్టి, అంబలియు మజ్జిగయు నిచ్చిరి. తగ్గినపిదప వేపాకును బసుపును గలిపిన నీటఁ దానము చేయించిరి. ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు అనంతపురమండలమున ఆ కడవెడు నీళ్లును సులభముగ దొరకునవి కావు. రోగిని వేఱుగా నుంచుటయు, విడిచిపెట్టకుండుటయు నను రెండు పనులు ఒక్క మాటచేత నెఱవేఱినవి. అమ్మ యున్న యొడలిని ఎవఁడు వీధిఁ బడవేయఁగలఁడు?

అయినను శబ్దమునకు లేని శక్తి నారోపింపరాదు. వేపమండ మశూచిని జంపలేదు. తీవ్రమైన మశూచి సోఁకినవారిలో నూటికి సుమారు 30 మంది మరణించిరి. బ్రదికినవారిలోఁ బెక్కురు మచ్చలతోను, గొందఱు చూపు పోఁగొట్టుకొనియు మిగిలిరి. జెన్నరు 1796లోఁ గనుఁగొన్న టీకా 1802లో భారతదేశమునకు వచ్చినను, అమ్మ కోపించునను శంకచేత దానిని నిరాకరించినవారు గలరు. పరిచర్య నేర్పిన పేరే రక్షణ కడ్డుపడుట శోచనీయము. మన దేశమున మశూచి 1975లో నంతరించినది. లోకమున నది నశించినట్లు 1980లోఁ బ్రకటింపఁబడినది. ఇది టీకా ఫలమేకాని వేపమండ ఫలము గాదు.

ఆటలమ్మ సోఁకినపుడు నేఁటికిని ‘అమ్మ’ యనువా రున్నారు. ఆ మాట విని నవ్వు వైద్యుఁడు రోగికి దూరమగును. ఆ మాటతోనే తృప్తిపడి వైద్యుని బిలువని బంధువు రోగికి ద్రోహ మొనర్చును. ‘అమ్మవారు’ అను పదము ఔషధము గాదు, పరిచర్యకు శాసనము. ఆ పదమునకు ఇంతకుఁ దక్కువ విలువ గట్టుటయు, ఎక్కువ విలువ గట్టుటయు దోషమే.