గరిటె ఎవరి చేతిలో? జైలు వంటశాల, సుప్రీంకోర్టు తీర్పు

జైలుకు పోయినవాడి కులం గేటు దగ్గరే రాలిపోతుందని చాలామంది అనుకుంటారు. అందరికీ ఒకటే బట్ట, ఒకటే కూడు, పేరుకు బదులు ఒక నంబరు. ఇంక అక్కడ కులం దేనికి పనికొస్తుంది? వంట చెయ్యడానికి పనికొస్తుంది. పాకీ పని చెయ్యడానికి పనికొస్తుంది. ఇది మా మాట కాదు, జైలు నియమావళులు రాసుకున్న మాట. 2024 అక్టోబర్ 3న ‘సుకన్య శాంత వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’ కేసులో సుప్రీంకోర్టు ఈ రాతల్ని కొట్టేసింది. సంతోషించాల్సిన తీర్పే. అయితే సంతోషంలో చదవడం ఆపేస్తే నష్టపోయేది మనమే. అందుకే ఈ తీర్పును వంటశాల వైపు నుంచి చదవాలనుకున్నాం.

ముందు ఆ నియమాలేమిటో చూద్దాం. పశ్చిమ బెంగాల్ 1967 జైలు కోడ్ ప్రకారం సెల్లుల్లోని ఖైదీలకు కూడు వండి మోసుకుపోవాల్సింది ‘తగిన కులం’ వంటవాళ్లు. ఊడ్చేవాళ్లను మాత్రం మెహతర్, హరి, చండాల్ వంటి కులాల నుంచి తీసుకోవాలి. రాజస్థాన్ 1951 నియమాల్లో వంటకు అర్హుడు బ్రాహ్మణుడు, లేదా ‘తగినంత’ పై కులం హిందువు. ఉత్తరప్రదేశ్ 2022 మాన్యువల్ ప్రకారం సాధారణ శిక్ష పడ్డవాడికి హీనమైన పని చెప్పకూడదు, ఆ పని అలవాటున్న కులంవాడైతే తప్ప! రాజ్యాంగం పదిహేడో అధికరణం 1950 నుంచీ వుంది. ఆ తర్వాత రాసుకున్న రాతలివి. 2020 డిసెంబర్‌లో పాత్రికేయురాలు సుకన్య శాంత ‘ది వైర్’లో వీటిని బయటపెట్టాకే రాజస్థాన్ హైకోర్టు తనంతట తాను కల్పించుకుంది, 2021లో ఆ రాష్ట్రం నియమాలు మార్చుకుంది. మిగతా రాష్ట్రాల సంగతి తేల్చమని ఆమే సుప్రీంకోర్టుకు పోవాల్సివచ్చింది.

బెంగాల్ కోడ్‌లో 1117వ నియమాన్ని కాస్త నిలబడి చదవాలి. వున్న వంటవాళ్ల చేతి కూడు తినలేనంత పై కులం ఖైదీ ఎవడైనా వుంటే, వాణ్ణే వంటకు పెట్టి మొత్తం మందికి వండించాలట. పైకి చూస్తే ఇది శిక్షలాగే కనిపిస్తుంది: తిననంటావా, అయితే నువ్వే వండు. లోపల జరిగేది వేరు. పై కులం ఖైదీ ‘నేను తినను’ అంటే ఆ మాట అర్హత అవుతుంది, వాడి చేతికి గరిటె వస్తుంది. మాదిగో మాలో మెహతరో ‘నేను ఊడ్వను’ అంటే? ఆ మాటకు జవాబుగా వాణ్ణి వంటకు పెట్టే నియమం ఏదీ లేదు. వాడిది క్రమశిక్షణ లేకపోవడం కిందికి వస్తుంది. ఒకే గోడల మధ్య ఇద్దరు ఖైదీలు ‘కాదు’ అన్నారు. ఒకడి కాదు ఆచారమైంది, ఇంకొకడి కాదు నేరమైంది. మా దృష్టిలో జైలు వంటశాల కథంతా ఇక్కడే వుంది.

ఇది ఎట్లా వచ్చింది? మొదట్లో కంపెనీ జైళ్లలో ఖైదీలు ఎవరి కూడు వాళ్లే వండుకునేవాళ్లు. 1840లలో సర్కారు ఉమ్మడి వంట పెట్టబోతే బీహారు జైళ్లలో అల్లర్లు లేచాయి. 1855లో ఇత్తడి చెంబులు లాక్కుని మట్టి పాత్రలు ఇచ్చినందుకు ఆరా, ముజఫర్‌పూర్‌లలో గొడవలయ్యాయి. చరిత్రకారులు వీటిని వలస పాలన మీద ప్రతిఘటనగా చదివారు. అది నిజమే. కానీ ఆ రాజీ ఎవరి వీపు మీద కుదిరిందో కూడా అడగాలి. పై కులంవాడు వండితే అందరూ తినొచ్చు, కింది కులంవాడు వండితే తినకూడదు అన్న లెక్కను తెల్లవాడు ఒప్పుకున్నాడు. శాంతి సర్కారుకు దక్కింది, చీపురు మనకు దక్కింది. తెల్లవాడు పోయాక కూడా మనవాళ్లు ఆ లెక్కనే దించుకున్నారు.

వంటపని సుఖమైన పనేమీ కాదు. తెల్లారకముందే పొయ్యి దగ్గర నిలబడాలి, వందలమందికి గంజి వార్చాలి, సెగలో నానాలి. కానీ గరిటె వుత్త గరిటె కాదు. పప్పు అడుగునుంచి తీసి పోస్తాడా, పైనుంచి తేర్చి పోస్తాడా అన్నది గరిటె పట్టినవాడి యిష్టం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో కంచం పట్టుకుని వరసలో నిలబడి, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటివాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2022 చివరికి దేశం జైళ్లలో 5,73,220 మంది వున్నారు, అందులో 4,34,302 మంది ఇంకా శిక్షపడని విచారణ ఖైదీలు. వీళ్లందరి కడుపూ వంటశాల చేతిలోనే వుంది.

గరిటె అందకుండా చేసే ఇంకో గొళ్లెం కూడా వుంది. రాజస్థాన్ పాత నియమంలో వంటవాడు ‘అలవాటు నేరస్తుడు’ కాకూడదు. ఆ ముద్ర ఎవరి మీద సులువుగా పడుతుంది? నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చి 1952లో పోయింది, ముద్ర మాత్రం పోలేదు. స్టూవర్టుపురం పేరు చెప్పగానే ఎరుకలవాళ్లను దొంగలుగా చూసే కళ్లు మన మధ్య ఇంకా వున్నాయి. సంచార తెగల్ని పుట్టుకతోనే అనుమానించే ఇట్లాంటి రాతలు కూడా రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు తేల్చింది. ఇది పెద్ద సంగతి.

ఇక మా విమర్శ. మూడు నెలల్లో నియమాలు మార్చాలని, రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యాలని కోర్టు చెప్పింది. కులం పేరుతో వంటశాల నడపకూడదని కేంద్రం తయారుచేసిన 2016 నమూనా మాన్యువల్‌లో అప్పటికే వుంది. జైళ్లు రాష్ట్రాల చేతిలోవి కనుక ఆ మాట చాలాచోట్ల కాగితం దాటలేదు. రాత మారినంత మాత్రాన పొయ్యి దగ్గర మనిషి మారడు. ‘తగిన కులం’ అన్న మాట కొట్టేస్తే, వంటకు ఎవర్ని తీసుకోవాలన్నది అధికారి యిష్టానికి వదిలినట్టే. ఆ యిష్టానికి గడి అక్కర్లేదు, ఇంటిపేరు చాలు. ఏ కులం ఖైదీలు ఎంతమందో జాతీయ నేర గణాంకాలు చెబుతాయి. వాళ్లలో పొయ్యి దగ్గర ఎవరున్నారో, మరుగుదొడ్ల దగ్గర ఎవరున్నారో చెప్పవు. మనకు కావాల్సింది ఆ లెక్క.

బయట మాత్రం ఏముంది? 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ సూఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిందని పై కులం పిల్లలు తినకపోతే, అధికారులు ఆమెనే తీసేశారు. దళిత పిల్లలు పై కులం వంటమనిషి కూడు మాకొద్దన్నారు. గొడవ పెద్దదయ్యాకే ఆమెను మళ్లీ తీసుకున్నారు. జైల్లో రాసిపెట్టుకున్న నియమం బడిలో రాయకుండానే నడిచింది.

మా వాళ్లను వంటకు పెట్టి పుణ్యం కట్టుకోమని మేం అడగడం లేదు. గరిటె, చీపురు రెండూ వంతుల వారీగా అందరి చేతుల్లోకీ రావాలంటున్నాం. కులం పేరుతో చీపురు ముట్టననే హక్కు ఎవరికీ వుండకూడదంటున్నాం. జైళ్లలో కుల వివక్షను కనిపెట్టడానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలు, సందర్శకుల బోర్డులు కలిసి తనిఖీలు చెయ్యాలని తీర్పే చెప్పింది. ఆ తనిఖీలో పప్పు రుచి చూసి సంతకం పెట్టి రావడం కాదు, పనుల పంపకం రిజిస్టర్ అడగాలి. న్యాయశాస్త్రం చదివే మన పిల్లలు, హక్కుల సంఘాల మిత్రులు ఒక్కో జిల్లా జైలుకు ఈ నెల పొయ్యి దగ్గర ఎవరు, కిందటి నెల ఎవరు అని సమాచార హక్కు కింద ఒక్కో దరఖాస్తు పెట్టొచ్చు. జవాబులు పోగయితే తీర్పు ఎక్కడిదాకా నడిచిందో, ఏ వంటశాల గడప దగ్గర ఆగిపోయిందో తేలుతుంది.