గోదావరి వైద్యుడు వ్రాయవలసిన అపరాధ నవల

రోగి చెప్పినదంతయు విని, చెప్పనిదానిని గ్రహించి, దేహముపై కనబడు చిన్న చిన్న ఆనవాళ్ళను బట్టి కనబడని వ్యాధిని ఊహించి, ఆ ఊహను పరీక్షలచే నిలుపుటయో కొట్టివేయుటయో వైద్యుని నిత్యకృత్యము. అపరాధపరిశోధకుడు చేయు పనియు ఇంతకు భిన్నమైనది కాదు. ఎడింబరోలో వైద్యము చదివిన ఆర్థర్ కానన్ డాయిల్, రోగి నోరు విప్పకమునుపే అతని వృత్తిని పసిగట్టుచుండిన తన గురువు జోసెఫ్ బెల్‌ను మనసున నుంచుకొనియే 1887లో షెర్లాక్ హోమ్సును లోకమునకు పరిచయము చేసెను.

అటుపిమ్మట తొంబది యేండ్లకు, 1977లో, అమెరికాలో కంటివైద్యుడైన రాబిన్ కుక్ 'కోమా' వ్రాసెను. జనాదరణ పొందిన నవలలను పెక్కింటిని ముందుగా చదివి, పాఠకుని ఉత్కంఠపరచు ఉపాయములను చీటీలపై గుర్తుపెట్టుకొని, ఆ తరువాతనే ఆయన కలము పట్టెనట. స్వల్పమైన శస్త్రచికిత్సకై వచ్చిన ఆరోగ్యవంతులు మత్తునుండి మేలుకొనకపోవుట చూచి, ఒక వైద్యవిద్యార్థిని ఆరా తీయుటయే అందలి కథ. మరుసటి యేడే దానిని చలనచిత్రముగా తీసిన మైకేల్ క్రైటన్ కూడ హార్వర్డులో వైద్యపట్టము పొందినవాడే. కుక్ గారి వచనము చప్పన, పాత్రలు పలుచన. ఐనను మనము నమ్మి పడుకొను బల్లనే, మనము పీల్చు ప్రాణవాయువు గొట్టమునే హంతకునిగా చేయవచ్చునన్న ఊహ వైద్యునికి గాక మరియొకనికి అంత సులభముగా తట్టదు.

మన భాషలో వైద్యులు నవలలు వ్రాయకపోలేదు. కొమ్మూరి వేణుగోపాలరావు గారు 'హౌస్ సర్జన్' వ్రాసిరి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యము చేసిన కేశవరెడ్డి గారు 'అతడు అడవిని జయించాడు' అను నవలలో, తప్పిపోయిన పందిని వెదకుచు అడవిలో ప్రవేశించిన ముసలివాని వెంట మనలను ఊపిరి బిగబట్టి నడిపించిరి. ఉత్కంఠకు తుపాకులు, రహస్యద్వారములు అక్కరలేదనుటకు తెలుగున అంతకంటె మేలైన సాక్ష్యము నాకు దొరకలేదు. ఇక తెలుగు పాఠకులకు రాత్రులు నిద్ర లేకుండ చేసిన 'తులసిదళం' రచయిత యండమూరి వీరేంద్రనాథ్ మా రాజోలు ప్రాంతమువారే. ఆయన చదివినది పద్దుల విద్య. వైద్యులు కరుణను, పద్దులవారు భయమును పంచుకొనిరి కాబోలు!

కోనసీమలో చిరకాలముగా వైద్యము చేయుచున్న నాకు మన వైద్యులు అపరాధకథల జోలికి పోకపోవుటకు కారణము కొంత తెలియును. ఇచ్చట వైద్యుడు ఇంటిమనిషి. "డాక్టరు గారండీ, మా కోడలి సంగతి ఎక్కడా అనకండేం" అని గుమ్మము దాటుచు మరల వెనుదిరిగి చెప్పిపోవు అత్తగారిని ఎరిగినవాడు కథ వ్రాయుటకు జంకును. చుట్ట కాల్చు ఒక రిటైరైన మేష్టారు దగ్గుచు వచ్చెనని మొదటి వాక్యము వ్రాసినంతనే, ఆ మేష్టారెవరో తెల్లవారకమునుపే వీధి అరుగులన్నిటికిని తెలిసిపోవును.

కాని కథావస్తువునకు కొదువ యున్నదా? 2020 డిసెంబరు మొదటి వారమున ఏలూరులో ఉన్నవారు ఉన్నట్లుగా మూర్ఛవచ్చి, నోట నురుగులతో కూలిపోయిరి. పెక్కుమంది కొలది వ్యవధిలోనే తేరుకొని యిండ్లకు పోయిరి. బాధితుల సంఖ్య ఐదు వందలు దాటెను. కరోనా పరీక్షలలో ఏమియు తేలలేదు. పురపాలక సంఘపు నీరు త్రాగనివారికిని వచ్చుటచే నీటిపై అనుమానము మొదట నిలువలేదు. ఒకే యింట ఒకరు పడిపోగా తక్కినవారు నిక్షేపముగా నుండుటచే అంటువ్యాధి యనుటకును వీలు లేకపోయెను. ఢిల్లీ ఎయిమ్సువారు రక్తములో సీసము, నికెలు కలవనిరి. హైదరాబాదునకు పోయిన కూరగాయల నమూనాలలో పురుగుమందుల జాడ కనబడెను. అంతలో వ్యాధి వచ్చినంత వేగముగనే సద్దుమణగెను. సీసము, నికెలు, పురుగుమందు: ముద్దాయిలు ముగ్గురు, నేరము ఒకటి! ఇంతకంటె బిగువైన కథాసంవిధానమును కుక్ గారు తన చీటీలన్నిటిని తిరగవేసినను కల్పింపజాలరు. ఆ రాత్రులలో ఏలూరు ప్రభుత్వాసుపత్రి వార్డులలో నిలువుకాళ్ళపై పనిచేసిన యువవైద్యులు చూచినది ఏ విలేకరియు చూచియుండడు.

ఆ యువవైద్యులలో ఎవరైనను ఈ మాటలు చదువుచున్నచో నాదొక విన్నపము. రోగుల పేళ్ళు మార్చుడు, వీధులు మార్చుడు, అవసరమైనచో ఊరినే మార్చుడు. కాని ఏ గంటకు ఏ అనుమానము కలిగెనో, ఏ పరీక్ష దానిని కొట్టివేసెనో, ఆ క్రమమును మాత్రము మార్చవలదు. విషమెక్కడిదో మొదటి ప్రకరణమున చెప్పకుడు. వ్రాసి ఏ వారపత్రికకైనను పంపుడు.