ప్రమథగణాల నవ్వు

1901 సెప్టెంబరు 7న బేలూరు మఠం నుంచి శిష్యురాలు నివేదితకు వివేకానందుడు ఒక ఉత్తరం రాశాడు. వాన తెరిపి ఇవ్వడం లేదు. మఠం ఆవరణలో నిలిచిన నీళ్లు పోవడానికి కాలువ తవ్వి, అప్పుడే లోపలికి వచ్చి కలం పట్టాడు. పెంపుడు కొంగ మహా హుషారుగా ఉందట, బాతులూ అంతేనట. జింక ఒకటి పారిపోయి కొన్నాళ్లు అందర్నీ హైరానా పెట్టిందట. పెద్దబాతు ఒకదానికి ఈకలు రాలిపోతుంటే, వేరే వైద్యం తెలియక, కాస్త కార్బాలిక్ కలిపిన నీళ్లతొట్టిలో కాసేపు వదిలిపెట్టాడట. చస్తే చస్తుంది, బతికితే బతుకుతుందని. బతికింది. ఇంకో బాతు మాత్రం వారానికి పైగా ఆయాసపడి చచ్చిపోయింది. దానికి మఠంలో చమత్కారి అయిన ఒక పెద్ద సన్యాసి చెప్పిన సంతాపవాక్యాన్నీ స్వామి పొందుపరిచాడు: వానకు బాతులకే జలుబు చేసి, కప్పలు తుమ్మే ఈ కలియుగంలో ఇంక బతికి ఏం లాభమని.

ఈ ఉత్తరంలో నవ్వు ఎంత పొడిగా ఉందో చూడండి. ఒక్క విశేషణం ఎక్కువ పడలేదు. తొట్టి వైద్యాన్ని వైద్యుడి చీటీలా రాశాడు. పైగా ఆయాసపడే బాతు గురించి రాస్తున్న మనిషికి ఆ ఏడాది తనకే ఉబ్బసం, దానికి తోడు మధుమేహం. వయసు ముప్పై ఎనిమిది. ఇంక మిగిలింది పది నెలలు. ఆ సంగతి తెలిసి చదివితే వాక్యం బరువెక్కుతుంది, కాని నవ్వు తగ్గదు. కరుణను లోపల ఉంచి హాస్యాన్ని చెడగొట్టకుండా రాయడం మంచి మంచి కథకులకే చేతకాని పని.

మన ఇళ్లలో, బడి గోడల మీద ఉన్న వివేకానందుడు చేతులు కట్టుకుని నిలబడ్డ కాషాయ మూర్తి. మనల్ని లేపుతూ ఉంటాడు. ఆ మూర్తికి మన ఊళ్లతో చుట్టరికమూ ఉంది: అమెరికా ఓడ ఎక్కకముందు, 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో, పడమటి దేశాల్లో తాను చేయబోయే పని గురించే ఆయన ఉపన్యసించాడు. తీరా అక్కడికి వెళ్లాక ఆ ప్రచారకుడి మొదటి ఉద్యోగం ఏమిటో ఆగస్టు 20న మద్రాసులోని అళసింగ పెరుమాళ్‌కు రాసిన ఉత్తరం చెబుతుంది. చికాగో ఖర్చులు భరించలేక మసాచుసెట్స్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో చేరాడు. తనకు రోజుకో పౌను మిగులుతోంది, ఆవిడకేమో స్నేహితుల్ని పిలిచి ఇండియా నుంచి వచ్చిన వింతవస్తువును చూపించుకునే వీలు కలిగింది. లాభనష్టాలు ఇద్దరికీ సరిపోయాయని లెక్క తేల్చాడు. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ని నవ్విస్తే పరస్థం అని నాట్యశాస్త్రంలో భరతుడు హాస్యాన్ని విభజించాడు కదా. చలికి వణుకుతూ, జేబు ఖాళీ అవుతూ ఉన్నవాడు సముద్రానికి అవతల తన కోసం చందాలు పోగుచేసిన శిష్యుడికి ఇలా రాస్తే, ఆ రెండూ ఒకే వాక్యంలో కుదిరాయి.

భరతుడు ఇంకో మాట కూడా చెప్పాడు. హాస్యరసానికి రంగు తెలుపు, అధిదేవతలు ప్రమథులు. శివుడి వెంట గంతులేసే ఆ గణాలకు నవ్వును ఎందుకు అప్పగించాడా అనుకునేవాణ్ని. వరాహనగర మఠం సంగతి చదివినప్పుడు సందేహం తీరింది. 1886లో రామకృష్ణులు పోయాక కుర్ర శిష్యులందరూ చేరింది పాడుబడ్డ ఇంట్లో. దయ్యాలున్నాయని ఊళ్లో పేరు. ఉడకేసిన ఆకుకూర, ఉప్పు, అన్నం. అదీ ఉన్న రోజున. బయటికి వెళ్లడానికి అందరికీ కలిపి ఒక్క మంచి బట్ట. ఆ కుర్రాళ్లు తమను తాము శివుడి భూతగణాలమని పిలుచుకున్నారు, అలాగే పాడారు, ఆడారు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్ల నవ్వు అది. వివేకానందుడి ఉత్తరాల్లో వినిపించేదీ అదే నవ్వని నాకు అనిపిస్తుంది. అమెరికా భోజనబల్లల దగ్గర నేర్చుకున్న మర్యాద నవ్వు ఇలా ఉండదు.

సభల్లోనూ ఆయన నవ్వించాడు. 1893 సెప్టెంబరు 15న సర్వమత మహాసభలో బావిలో కప్ప కథ చెప్పాడు. చక్కటి కథే, కాని దాని చివర ఒక బోధ కాచుకుని ఉంది. వేదిక మీద హాస్యానికి ఎప్పుడూ ఒక గురి ఉంటుంది. ఉత్తరాల్లో గురి లేదు, అందుకే అక్కడ అది రసమయింది. చికాగోలో ఆయనకు ఆశ్రయమిచ్చిన హేల్ దంపతుల సంగతే తీసుకోండి. క్రైస్తవ పాదరీలు పత్రికల్లో తన మీద విరుచుకుపడుతున్న కాలంలో, ఆ ఇంటి పెద్దాయనకు పోపు నాన్నగారని, ఆవిడకు చర్చి అమ్మగారని పేర్లు పెట్టుకున్నాడు. వాళ్ల పిల్లలు, మేనకోడళ్లు ఆయనకు చెల్లెళ్లు. 1895 ఫిబ్రవరి మొదట్లో మేరీ హేల్‌కు చాలా ఘాటుగా ఒక ఉత్తరం రాశాడు, లోకానికి నచ్చేలా తియ్యగా మాట్లాడటం తనవల్ల కాదని. ఆ పిల్ల నొచ్చుకుంది. రెండు వారాలు తిరగకుండా క్షమాపణకు బదులు ఇంగ్లీషులో అల్లరి పద్యాలు పంపాడు, ఆమె కూడా పద్యాల్లోనే తిప్పికొట్టింది. పద్యాలుగా అవి గొప్పవని నేననను, ప్రాస కోసం అక్కడక్కడా కుంటుతాయి. అయినా వేదాంతి తన కోపాన్ని తనే వెక్కిరించుకోవడం చూడాలంటే అవి చదవాలి.

నన్ను అడిగితే అన్నిటిలోకీ అందమైనది 1894 జులై 31 ఉత్తరం. మెయిన్ రాష్ట్రంలో గ్రీన్ ఏకర్ అనే చోట వేసవి శిబిరం. రకరకాల మతవాదులు, ఆత్మలతో మాట్లాడేవాళ్లు, మందు లేకుండా రోగాలు కుదిర్చేవాళ్లు. ఇంకొన్నాళ్లు ఆగితే గుడ్డివాళ్లకు కళ్లు కూడా తెప్పించేలా ఉన్నారని హేల్ చెల్లెళ్లకు రాశాడు. గాలివాన వచ్చి వాళ్ల డేరాలను పీకేసినంత పని చేసిందట, ఈ మహానుభావుల చికిత్సకు కాస్త చికిత్స జరిగినట్టే రాశాడు. ఇంతవరకు వెక్కిరింత. వాక్యం అక్కడే మలుపు తిరుగుతుంది. రోజూ పొద్దున ఒక పైన్ చెట్టు కింద మన పద్ధతిలో నేలమీద కూచుని వాళ్లకు పాఠం చెబుతున్నాడు. ఒక రాత్రి శిబిరంలోవాళ్లు ఆ చెట్టు కిందనే పడుకుందామన్నారు. తనూ వెళ్లాడు. ఏడాదిగా రైళ్లు, హోటళ్లు, ఉపన్యాసాల బండచాకిరీ చేసిన ఒంటికి మళ్లీ నేల తగిలింది. పైన చుక్కలు. ఆ రాత్రి వైభవాన్ని వర్ణించలేనని చేతులెత్తేశాడు. ఇప్పటిదాకా ఎగతాళి చేసిన మనుషులతోనే శివోహం అనిపిస్తున్నాడు, వాళ్లు పిల్లల్లా అంటున్నారు, ఆయనకు ముచ్చటగా ఉంది. ఎగతాళికీ ప్రేమకూ మధ్య అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేం. హాస్యం శృంగారంలోంచి పుడుతుందన్న భరతుడి మాటకు, శృంగారం అంటే ప్రేమ అని విశాలంగా అర్థం చెప్పుకుంటే, ఇంతకంటే మంచి లక్ష్యం నాకు దొరకలేదు.

మరుసటి వేసవిలో థౌజండ్ ఐలండ్ పార్కులో పన్నెండుమంది శిష్యులకు పాఠం చెబుతూనే వంట చేశాడు. మసాలాకు వాళ్ల కళ్లవెంట నీళ్లు. చేతిమీద తువ్వాలు వేసుకుని, రైలు భోజనపెట్టెలో సర్వర్ల గొంతుతో ఆఖరి పిలుపు పిలిచేవాడని అక్కడున్న మేరీ ఫంకీ రాసింది. మిత్రుడు లెగెట్ గారి రిడ్జ్‌లీ ఇంట్లో భోజనం ముగించి లేవబోతుంటే ఐస్‌క్రీమ్ ఉందని గృహిణి అనేది, స్వామి మళ్లీ కుర్చీలో కూలబడేవాడు.

ఇదంతా జనాన్ని దగ్గరికి తీయడానికి పన్నిన ఉపాయం అని ఎవరైనా అంటే ఒప్పుకోను. 1896 జులై 6న లండన్ నుంచి ఫ్రాన్సిస్ లెగెట్‌కు రాసిన ఉత్తరం చూడాలి. ఇరవై ఏళ్లప్పుడు కలకత్తా వీధుల్లో నాటకశాల ఉన్న వైపు కాలిబాట మీద కూడా నడవనంత మూర్ఖుణ్నని ఒప్పుకుంటాడు. ఇప్పుడు ఎవర్నీ తిట్టాలనిపించడం లేదు. లోకమంతా ఒక అల్లరి ప్రియుడి ఆట, తను ఆ ఆటలో తోడుగాడు. ఆటాడేవాడికి నవ్వు ఉపాయం ఎలా అవుతుంది?

1899 జూన్‌లో రెండోసారి పడమటికి బయల్దేరినప్పుడు ఎక్కిన ఓడ పేరు గోల్కొండ. మనవాళ్లం మురిసిపోవచ్చు. ఆ ప్రయాణంలో ‘ఉద్బోధన్’ పత్రికకు వాడుక బెంగాలీలో యాత్రాకథనం రాశాడు. ప్లేగు భయంతో సూయజ్‌లో ఓడవాళ్లను ఒడ్డు మీద కాలు పెట్టనివ్వలేదు. పొద్దుపోవడానికి సొరచేపల వేట. గాలానికి పంది మాంసం గుచ్చారు. మొదట వచ్చిన చారల సొరకు ఒక పేరు పెట్టాడు, వెనకాల వచ్చిన చదునుమొహపుదానికి ఇంకోటి. గాలం తప్పించుకున్న మొదటిది తోటి సొరతో ఏమని ఉంటుందో, దాని భాషలో ఏ హెచ్చరికలు చేసి ఉంటుందో ఊహించి పేరాల తరబడి రాశాడు. రెండోది చిక్కింది. పైకి లాగారు, దుంగతో మోదారు, అయ్యో చంపొద్దని అరుస్తూనే ఆడవాళ్లు కళ్లు తిప్పుకోకుండా చూశారు. పొట్ట కోసి పేగులూ గుండే తీసేసినా ఒళ్లు కదులుతూనే ఉంది. పాఠకుడు ఇక్కడ వేదాంతం వస్తుందని సర్దుకుని కూచుంటాడు. స్వామి ఒక్క ముక్క చెప్పి వదిలేశాడు: ఆ పూట తనకు భోజనం సహించలేదు, ఏది నోట్లో పెట్టుకున్నా సొరచేప వాసనే.