అమ్మరాదన్న షరతు

నల్లచెరువు వంటి మండల కేంద్రములో డి.టి.పి. దుకాణము పెట్టుకొన్న ఒకరిని ఊహించుకొందాము. ఆయన పెండ్లి శుభలేఖను ‘మండలి’ అను ఫాంటులో కూర్చి, మూడు వందల ప్రతులు అచ్చువేసి డబ్బు పుచ్చుకొన్నాడు. ఆ అక్షరాలను గీసినవారికి పైసా ఇవ్వలేదు. ఇది దొంగతనమా? కానే కాదు. మండలి, రామభద్ర, గురజాడ వంటి ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ ‘ఓపెన్ ఫాంట్ లైసెన్సు’ క్రింద అందరికి ఇచ్చినది. వాటిని వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. వాటితో అచ్చువేసినదానిని అమ్ముకొనవచ్చును. ఫాంటును మాత్రము విడిగా అమ్మరాదు.

షరతు ఇంత సన్ననిదైతే ఎవరికీ చిక్కు లేదు. కాని కొన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగములో ‘వ్యాపారానికి వాడరాదు’ అని గంపగుత్తగా వ్రాయవలెనని కొందరు కోరుచున్నారు. వారి కోపానికి కారణము లేకపోలేదు. రెడిస్ అను ప్రోగ్రాము సంగతి చూడండి. సమాచారమును కంప్యూటర్ మెమరీలో ఉంచి క్షణములో అందించు సాధనమిది. దాని సోర్స్ కోడ్‌ను, అనగా ప్రోగ్రాము మూలప్రతిని, ఎవరైనా ఉచితముగా తీసుకొనగలిగేవారు. పెద్ద క్లౌడ్ కంపెనీలు దానిని తమ యంత్రాలపై నడిపి, అద్దెకిచ్చి ఆర్జించినవి. ఇది న్యాయము కాదని రెడిస్ కంపెనీ వాదన. 2018లో తన అనుబంధ భాగాలకు అమ్మకమును నిషేధించు ‘కామన్స్ క్లాజ్’ తగిలించినది. 2024 మార్చిలో అసలు ప్రోగ్రాముకే ఆంక్షలు పెట్టినది. ఏమైనది? ఆ నెల ముగియకముందే, పాత స్వేచ్ఛాప్రతిని తీసుకొని ‘వాల్‌కీ’ అను పేరుతో వేరు కుంపటి వెలిసినది. దానికి అండ నిలిచినవారిలో అమెజాన్, గూగుల్ ఉన్నవి! కట్టడి చేయదలచినది ఎవరినో, వారే తప్పించుకొన్నారన్నమాట.

పెద్దచేపలు తప్పించుకొంటే వలలో మిగిలేవి చిన్నవే. ‘వ్యాపారము’ అన్న మాటకు హద్దెక్కడ? ఫీజు పుచ్చుకొను పాఠశాల వ్యాపారమా? ఇంటిలో ట్యూషన్ చెప్పు మాస్టారు? పెద్ద కంపెనీకి వకీళ్ళున్నారు, మన డి.టి.పి. ఆయనకు ఎవరున్నారు? ఆయన భయపడి మానివేయును, లేదా షరతు చదవకనే వాడును. పాఠము చెప్పుకొను నాకు రెండవదే ఎక్కువ భయము. చదవకుండ ‘అంగీకరించితిని’ అని నొక్కుట మన విద్యార్థులకు ఇప్పటికే బాగా అలవడినది.

1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ తన నిర్వచనములోని ఆరవ సూత్రములో ఏ రంగమునూ వెలివేయరాదని వ్రాసికొన్నది. వ్యాపారములోను, జన్యు పరిశోధనలోను వాడుటను అడ్డగించరాదని ఉదాహరణలు కూడ ఇచ్చినది. కనుక వ్యాపారనిషేధముగల ప్రోగ్రాము మంచిదే కావచ్చును గాని, దానిని ఓపెన్ సోర్స్ అనుట పేరును తప్పుగా వాడుటే.

మరి శ్రమపడినవారికి రక్షణ? 2007 నాటి ఎ.జి.పి.ఎల్. అను లైసెన్సు సంపాదనను నిషేధించదు. ప్రోగ్రామును మార్చి నెట్‌వర్క్ ద్వారా జనానికి అందించువారు, ఆ మార్పుల మూలప్రతిని కూడ వారికి ఇవ్వవలెనంటుంది. డబ్బును గాక పనిని తిరిగి అడుగుట నాకు సబబుగా తోచుచున్నది. 2025 మేలో రెడిస్ కూడ ఈ లైసెన్సునే అదనముగా చేర్చి ఓపెన్ సోర్స్ గూటికి తిరిగి వచ్చినది.

మన ఫాంట్ల లైసెన్సులోని కంచె కూడ ఏమంత ఎత్తైనది కాదు. ఫాంటుతో చిన్న ప్రోగ్రామునొకదానిని జతచేసి అమ్మితే నియమము తప్పినట్లు కాదు. ఈ సంగతి దానిని వ్రాసినవారికి తెలియకపోలేదు. తెలిసియే అలాగున ఉంచినారు.