పగుళ్ల వృద్ధి గణన: అట్లూరి పద్ధతి – ఒక పరిశీలన

లోహ నిర్మాణాలలో పగులు పెరిగే తీరును కంప్యూటర్‌తో గణించే పరిశోధనలో గుడివాడలో జన్మించిన సత్య ఎన్. అట్లూరిది విశిష్ట స్థానం. నిర్మాణాన్ని చిన్న మూలకాల వలగా విభజించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో, పగులు సాగిన ప్రతిసారీ దాని కొన వద్ద వలను మళ్ళీ అల్లవలసి వచ్చేది. 1983లో నిషియోకాతో కలిసి అట్లూరి రూపొందించిన ఆల్టర్నేటింగ్ పద్ధతి ఈ చిక్కును విడదీసింది. పగులు లేని నిర్మాణాన్ని వలతోను, పగులును గణిత సూత్రంతోను విడివిడిగా సాధించి, రెండూ పొసగేవరకు మార్చిమార్చి సరిదిద్దడం ఇందులోని కీలకం. రివెట్ రంధ్రాల వరుసలో ఒకేసారి అనేక పగుళ్లు పెరిగే విమాన దేహాలకు ఇది చక్కగా అమరింది.

అయితే ఈ గణన కచ్చితత్వాన్నే ఆయుర్దాయ నిర్ధారణగా స్వీకరించడం తొందరపాటు. 1988 ఏప్రిల్ 28న ఆకాశంలో పైకప్పు ఊడిపోయిన అలోహా విమానం విషయంలో దర్యాప్తు ప్రధానంగా తప్పుపట్టింది పగుళ్లను కనిపెట్టలేకపోయిన నిర్వహణ వ్యవస్థనే. తొలి పగులు పొడవు గణన నుంచి పుట్టదు, తనిఖీ నుంచే రావాలి. దాని బరువు చిన్నది కాదు. పారిస్ సూత్రంలో ఘాతాంకం 3, ప్రతిబలం స్థిరం అనుకుంటే, పగులు 1 మి.మీ. నుంచి 16 మి.మీ. వరకు పెరగడానికి పట్టే ఆవృత్తులలో మూడింట రెండు వంతులు 4 మి.మీ. చేరేలోపే గడిచిపోతాయి. వల ఎంత సన్ననిదైనా ఈ నిష్పత్తి మారదు.