పిలుపు – అయోగ్యతాభావము

మన కావ్యావతారికలలో కవివినయము సుపరిచితమైన విషయము. దానిని సంప్రదాయసిద్ధమైన మర్యాదగా నెంచి విమర్శకులు ముందునకు సాగిపోవుట పరిపాటి. దైవకార్యమునకై పిలువబడినవారు తాము తగమని చెప్పుకొను క్రైస్తవ వాఙ్మయ ఘట్టములను గూడ నీ యలవాటుతోనే చదివినచో వాని మర్మము మనకు దొరకదు. ఈ రెండు వినయములకును గల భేదమును బరిశీలించుట యీ వ్యాసము నుద్దేశము.

పాతనిబంధనమున నిట్టి ఘట్టములలో మూడు ముఖ్యములు. నిర్గమకాండము 3, 4 అధ్యాయములలో ఇశ్రాయేలీయులను ఐగుప్తునుండి తోడ్కొనిరమ్మని దేవు డాజ్ఞాపింపగా, మోషే తానెంతటివాడనని మొదలిడి, తన నోటిమాంద్యమును జెప్పి, తుదకు వేరొకని బంపుమని వేడుకొనును. యెషయా గ్రంథము 6వ అధ్యాయమున ప్రవక్త తన పెదవు లపవిత్రములని వాపోవును. యిర్మీయా తాను బాలుడనియు, మాటలాడ నేరననియు విన్నవించుకొనును. మువ్వురి కొరతయు వాక్కునకు సంబంధించినదే యగుట గమనింపదగినది. పంపబడువాడు పరుల మాటను మోసికొనిపోవువాడు గదా!

ఈ విన్నపములకు లభించిన సమాధానములు మరింత ముఖ్యములు. మోషేతో, నీవు సమర్థుడవని దేవుడు చెప్పలేదు. తాను తోడుగా నుందునని చెప్పెను. అతని యన్నయగు అహరోనును అతనికి నోరుగా నిచ్చెను. యెషయా పెదవులకు నిప్పు తాకెను. యిర్మీయా నోటిని దేవుని హస్తము ముట్టెను. కొరత యున్నదని యంగీకరించియే కొరతగలవానిని బంపుట యీ కథల జీవము.

మనుచరిత్రావతారికలో కృష్ణరాయలు పెద్దన గుణములను బ్రశంసించి కృతి నడుగును. అచట యోగ్యతయే పిలుపునకు హేతువు. నన్నయ, భారతార్థమును సమగ్రముగా జెప్పుట బ్రహ్మకును దుష్కరమని పలికి, రాజానుమతిని విద్వజ్జనానుగ్రహమును ఆధారముగా గొని, నేర్చినవిధమున రచింప బూనెను. ఆ వినయము కార్యగౌరవమునుండి పుట్టినదే కాని తనలోని మాలిన్యమును జూచికొనుటవలన బుట్టినది కాదు. పోతనకు రాముడు సాక్షాత్కరించి భాగవతమును దెనిగింపుమనుటయు, అతడు తన వాక్కునకు కర్తృత్వమును రామునికే యొప్పగించుటయు నీ ప్రవక్తల పద్ధతికి మిక్కిలి చేరువ.

ఈ భావము గ్రంథములనే గాక జీవితమునందును పరీక్షకు నిలిచినదనుటకు విలియం కేరీ నిదర్శనము. 1761లో ఇంగ్లండున బుట్టి, చెప్పులు కుట్టు వృత్తిని నేర్చిన యీతడు 1793లో సువార్తసేవకై వంగదేశమునకు వచ్చెను. ఈతని తొలియేండ్ల దినచర్యయందు ఆత్మనింద తరచుగా గానవచ్చును. 1812లో శ్రీరామపురమునందలి ముద్రణాలయము దగ్ధమైనప్పుడు పెక్కు వ్రాతప్రతులతో బాటు తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు నష్టమయ్యెను. అయినను 1814లో ఆ వ్యాకరణము వెలువడెను. 1834లో గతించిన కేరీ కోరిక ననుసరించి ఐజాక్ వాట్స్ కీర్తనలోని పాదములు సమాధిపై జెక్కబడినవి. తన్నల్పమైన పురుగుతో బోల్చుకొని దేవుని బాహువుల నాశ్రయించుట వానియందలి భావము. నలువదియేండ్లకు మించిన సేవయు తొలినాటి యయోగ్యతాభావమును దుడిచివేయలేదు.

ఇచట నొక శంక పుట్టును. తానయోగ్యుడైనను దేవుడే తన్ను బంపెనని చెప్పుట, విమర్శకు లొంగని యహంకారమునకు ముసుగు కారాదా? కావచ్చును. పరదేశమునకు బోయి పరులకు బోధింపబూనినవానియెడ నీ శంక మరింత న్యాయమైనది. దీనిని దీర్చుకొనుటకు మూలగ్రంథమే గురుతులను జూపుచున్నది. ప్రజలు విని గ్రహింపరని యెషయాకు ముందుగనే చెప్పబడెను. మోషే వాగ్దత్తభూమిలో నడుగిడకయే మరణించెను. పిలుపు వీరికి విజయమును గాని యాధిక్యమును గాని పంచి యీయలేదు.

కావున పరిశోధకులు వినయవాక్యమును దానికదిగా దీసికొని విలువ కట్టరాదు. ఆ వాక్యము వెనుక నడచిన కార్యమును, దాని తుదిని బరికింపవలెను. వినయ మవతారికతోడనే ముగిసినచో నది మర్యాద. పని ముగియువరకు పనివానిని శాసించినచో నది యనుభవము. ఈ కొలతతో మన యవతారికలను మరల జదివినచో, సంప్రదాయమని మనము దాటిపోయిన కొన్ని పద్యములయందు నిజమైన వెఱపు వినబడవచ్చును.